మడ పాయలో అడెలిన్ ఇంజన్

ఈ సంగతి నాకు అసుంతా ఒకసారి, సరీఫ్ ముసలాయన ఇంకోసారి చెప్పారు. ఇద్దరి మాటా కలవనిది ఒక్కచోటే. నీళ్లు పైకొస్తున్నప్పుడు ముసలాయన ప్రార్థన చేశాడని అసుంతా అంటుంది. "ప్రార్థనా నా మొహమా! నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను" అని ఆయన అంటాడు. మిగతాదంతా ఇద్దరూ ఒకేలా చెప్పారు.

అప్పట్లో మా బ్రూమ్ రేవు ఊళ్లో డెస్మండ్, అతని స్నేహితులు కొందరు కలిసి ఒక పాత లగ్గర్‌ను తిరిగి కడుతున్నారు. ముత్యపు చిప్పల కోసం మా తాతలు సముద్రం మీదికి తీసుకెళ్లిన తెరచాపల పడవలు అవి. చెక్కపని దాదాపు అయిపోయింది. ఇంజన్ దగ్గర ఆగిపోయారు. ఏదో ఒక కొత్తది బిగించేస్తే పోయేదే గాని, ఆ కాలపు పడవకు ఆ కాలపు ఇంజనే ఉండాలని డెస్మండ్ పట్టుబట్టాడు. అప్పుడు సరీఫ్ అన్నాడు, "ఎక్కడెక్కడో ఎందుకురా వెతుకుతారు? మా అడెలిన్ ఇంజన్ పాయలోనే ఉందిగా!"

సరీఫ్ వయసులో ఉన్నప్పుడు అడెలిన్ అనే పడవ మీద ఇంజన్ చూసుకునేవాడు. చిప్పల వ్యాపారం పడిపోయాక యజమాని ఆ పడవను ఊరికి అవతల మడ అడవిలో ఒక పాయలోకి తోలి వదిలేశాడు. పైభాగం విప్పి అమ్ముకోగలిగినవి అమ్ముకున్నాడు. చెక్కను పురుగు తినేసింది. ఇంజన్ దిమ్మ మాత్రం సగం బురదలో కూరుకుని అక్కడే ఉండిపోయింది. మూడు సిలిండర్ల డీజిల్, యుద్ధానికి ముందు పోత పోసింది. దాన్ని పైకి తియ్యాలంటే క్రేన్ ఉన్న పెద్ద పడవ రావాలి. క్రేన్ పడవవాడు ఒకటే మాట చెప్పాడు: "తుప్పు ముద్ద కోసమైతే నేను రాను. పనికొస్తుందని అసుంతా అంటే చాలు, వస్తా."

అసుంతా రేవు పక్కన షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేస్తుంది. వాళ్ల నాన్న, సరీఫ్ ఒకే పడవ మీద పనిచేసినవాళ్లు. నాన్న పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు సరీఫే. ఆమె ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. పెద్దపెద్ద ట్రాలర్ల అడుగున దూరి పనిచేసే మనిషికి పోటు నీళ్లంటే మాత్రం చిన్నప్పటి నుంచీ వణుకు. మా దగ్గర సముద్రం మూడంతస్తుల మేడంత ఎత్తు లేస్తుంది, మళ్లీ అంత కిందికీ దిగిపోతుంది. చదునైన బురద మీద అది వస్తుంటే మనిషి నడకను మించి వస్తుంది. నీళ్లు తగ్గినప్పుడు చిప్పలేరుకోవడానికి వెళ్లే అమ్మలక్కలు కూడా వెనక్కి చూస్తూనే ఏరుతారు. అసుంతా అసలు వెళ్లేదే కాదు.

"నేను ఒక్కదాన్నే వెళ్లి చూసొస్తాలే బాబాయ్. నీ మోకాళ్లతో ఆ బురదలో ఎక్కడ నడుస్తావు?" అంది.

"నా మోకాళ్ల సంగతి నీకెందుకే? అది ఎక్కడుందో నీకు తెలుసా? పైగా నువ్వు ఒక్కదానివీ వెళ్తే ఒడ్డు మీది నుంచే చూసి, బాగాలేదని చెప్పి వచ్చేస్తావు. నీ భయం నాకు తెలీదా!"

ఆ మాటకు ఆమె నవ్వింది గాని, అందులో అబద్ధమేమీ లేదు.

పున్నమి ఆటుకు నీళ్లు బాగా లాగేసే రోజు చూసుకుని, తెల్లవారుతుండగా ఇద్దరూ బయలుదేరారు. ఎర్రమట్టి అంచున బండి ఆపి, చిన్న గడ్డపార, సుత్తి, పార, చాకు, టార్చి తీసుకుని మడ చెట్ల మధ్యలోకి దిగారు. కాళ్లు పిక్కల దాకా కూరుకుపోతున్నాయి. చెట్ల వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒళ్లంతా ఇసుక దోమలు. సరీఫ్ ముందు నడుస్తూ, సంబల్ కారం వేసిన చేప ఎలా వండాలో ఈ కాలపు ఆడవాళ్లకు తెలియడం లేదని తిట్టుకుంటూనే ఉన్నాడు. పాయ ఒడ్డుకు రాగానే ఆ మాట మధ్యలో ఆగిపోయింది.

ఒడ్డు బురద మీద నున్నగా, వెడల్పుగా, పీపాను ఈడ్చినట్టు ఒక జాడ. దానికి రెండు పక్కలా గోళ్ల గుర్తులు.

"ఇది ఎప్పటిది బాబాయ్?"

సరీఫ్ వంగి వేలితో అంచు తాకి చూశాడు. "రాత్రి పోటుకు చెరిగిపోలేదు" అన్నాడు మెల్లగా. "అంటే ఆ తర్వాతదే."

"వెనక్కి పోదాం."

"నీళ్లు లేవుగా ఇప్పుడు. మొసలి కూడా నీళ్లతోపాటే దిగిపోయి ఉంటుంది. నీళ్లొచ్చేసరికి మనం ఉండం. రా, చూసేసి పోదాం." అలా అన్నాడే గాని కళ్లు ఆ జాడ మీదే ఉన్నాయి. అసుంతా అది గమనించింది. గమనించి కూడా వెనకే వెళ్లింది.

పాయ అడుగున సన్నటి నీటి చాలు తప్ప అంతా బురదే. వంపు తిరిగిన చోట, పడవ పక్కటెముకలు నాలుగైదు నల్లగా నిలబడి ఉన్నాయి. వాటి నడుమ ఇంజన్ ఒక పక్కకు ఒరిగి ఉంది. నత్తలు, ఆల్చిప్పలు అతుక్కుని బండరాయిలా కనిపిస్తోంది. సరీఫ్ దాని మీద చెయ్యి వేసి, ఒక నత్తను గోరుతో ఊడబెరికాడు.

అసుంతా పని మొదలుపెట్టింది. ముందు చిప్పలు గీకి సుత్తితో పై భాగం మీద కొట్టింది. ఖణీమని మోగింది.

"విన్నావా!" అన్నాడు సరీఫ్, చిన్నపిల్లాడిలా.

"విన్నాలే. ఆగు." పగులు ఉంటే డొల్లగా పలుకుతుంది. అక్కడ కొట్టింది, ఇక్కడ కొట్టింది, ప్రతిచోటా మోగింది. సిలిండర్లలోంచి బురద తోడి వేళ్లతో తడిమింది. గుంటలు పడ్డాయి గాని, లోపల కొత్త గొట్టాలు బిగించుకోవచ్చు. నీళ్లు తిరిగే దారులు పూడిపోయాయి గాని గోడలు మందంగానే ఉన్నాయి. ఆమె మనసులో భయం కొంచెం వెనక్కి జరిగింది. చేతికి పని దొరికితే ఆమెకు ఎప్పుడూ అంతే.

తర్వాత పార తీసుకుని కింది భాగం చుట్టూ బురద తవ్వింది. ఇన్నేళ్లు ఉప్పు బురదలో మునిగి ఉన్న భాగం అది. చూడడానికి పై భాగం కంటే బాగుంది. పోత గీతలు కూడా చెరగలేదు. ఆమె చాకు మొన ఆనించి నొక్కింది. గోరంత లోతు దిగింది. గీరితే నల్లటి పొడి రాలింది. వేళ్ల మధ్య నలిపితే పెన్సిల్ ముల్లులా జారింది.

"ఇదిగో, చూడు బాబాయ్. ఉప్పు ఇనుమును తినేసి ఆకారం వదిలేస్తుంది. చూస్తే ఇంజన్‌లాగే ఉంటుంది. లోపల బలం ఉండదు."

"గోరంతేగా దిగింది? పైపొర అయ్యుంటుంది. ఇది ఎలాంటి ఇంజనో నీకేం తెలుసు! తుపానులో మమ్మల్ని ఇంటికి చేర్చిన ఇంజనే ఇది."

"తుపాను వేరు, ఉప్పు వేరు."

"లోపల చూడకుండానే తీర్పు చెబుతావా? మీ నాన్న అయితే చూసేవాడు."

ఆ మాట ఆమెకు తగిలింది. ఇంజన్ ఇరుసును, అంటే క్రాంక్ షాఫ్ట్‌ను, మోసే లోపలి పీటలు గట్టిగా ఉంటే దిమ్మను కాపాడుకోవచ్చు. అవి పోతే ఇక చేసేదేం లేదు. పక్కనున్న మూతకు బోల్టులు ఎప్పుడో కరిగిపోయాయి. పార తగిలించగానే ఊడి పడింది. అసుంతా మోకాళ్ల మీద కూర్చుని ఎడమ చెయ్యి మోచేతి దాకా ఆ కంతలోంచి లోపల పెట్టింది. బురద చల్లగా ఉంది. పీట వేళ్లకు తగిలింది. కదులుతుందో లేదో తెలుసుకుందామని కుడిచేత్తో గడ్డపార లోపలికి దూర్చి క్రాంక్‌ను కాస్త ఎత్తింది.

తర్వాత నాతో అంది: "ఒక చెయ్యి లోపల పెట్టి ఇంకో చేత్తో గడ్డపార వెయ్యకూడదని పనిలో చేరిన మొదటి రోజే ఎవరైనా చెబుతారక్కా. నేనే పదిమందికి చెప్పాను."

లోపల బెల్లం గడ్డ విరిగినట్టు చప్పుడైంది. పీట విరిగిపోయింది. దాని కొసనున్న ఫ్లైవీల్ చక్రం బరువుతో సహా క్రాంక్ షాఫ్ట్ జానెడు కిందికి జారి, ఆమె ముంజేతిని కంత కింది అంచుకేసి నొక్కేసింది.

ఆమె అరిచిందని సరీఫ్ అంటాడు. ఆమెకు గుర్తులేదు. గుర్తున్నదల్లా చెయ్యి లాగడం, రాకపోవడం, మళ్లీ లాగడం, రాకపోవడం. వేళ్లు కదులుతున్నాయి. ఎముక విరిగిందో లేదో తెలియదు. చెయ్యి మాత్రం రాదు.

"కంగారు పడకు, కంగారు పడకు" అంటూ సరీఫ్ తానే కంగారు పడిపోయాడు. గడ్డపార ఫ్లైవీల్ కింద పెట్టి ఎత్తబోయాడు. గడ్డపార బురదలోకి దిగిపోయింది తప్ప ఇనుము లేవలేదు. పారరేకు కింద ఆనించి మళ్లీ ప్రయత్నించాడు. పారకర్ర ఫెళ్లున విరిగింది. పక్కనున్న పడవ పక్కటెముక ఒకటి విరిచి తెచ్చి దాన్ని ఆనించాడు. పురుగు తిన్న చెక్క పిండి పిండి అయింది.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి వినిపించింది. పాయ వంపు అవతల, బియ్యం చేటలో చెరిగినట్టు ఒక సన్నటి చప్పుడు. చూస్తుండగానే గోధుమరంగు నీటి నాలుక ఒకటి వంపు తిరిగి, నురగ తోసుకుంటూ, బురద మీది పగుళ్లన్నీ నింపుకుంటూ వచ్చింది. బురద చేపలు దాని ముందు గంతులేస్తూ పారిపోతున్నాయి.

"నేను బండి దగ్గరికి పరిగెత్తి ఎవరినైనా..."

"వద్దు!" అంది అసుంతా. "నువ్వు ఊరు చేరేసరికి ఇక్కడ నేనుండను. నన్ను ఒంటరిగా వదిలేసి పోకు బాబాయ్. నీకు దండం పెడతా."

ఆయన పోలేదు. నీళ్లు ఆమె మోకాళ్ల చుట్టూ చేరాయి. ఎండ పెరుగుతోంది గాని ఆమెకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్లు మూసుకుంటే నోట్లోకి నీళ్లొస్తున్నట్టు ఉంది. తెరిస్తే ఒడ్డు మీది ఆ నున్నటి జాడ కనిపిస్తోంది. నీళ్లు ఆ జాడ కింది కొసను అప్పటికే తాకాయి.

"సుత్తి తీసుకో" అంది. "నా చేతి కింద అంచు ఉంది చూడు, దాన్ని పగలగొట్టు."

సరీఫ్ సుత్తి ఎత్తాడు. ఎత్తి అలాగే నిలబడిపోయాడు.

"ఏంటి బాబాయ్! ఇప్పుడు కూడా దీని మీద జాలేనా?"

"దీని మీద కాదే, నీ చేతి మీద! గురి తప్పితే?"

"తప్పితే తప్పనీ. కొట్టు!"

కొట్టాడు. ఖణీమని మోగింది.

ఆ చప్పుడు అసుంతాకు తెలిసినదే. పొద్దున్న అదే మోత వింటే సంతోషపడింది. మోగిందంటే ఇనుము గట్టిగా ఉందన్నమాట. మూడువేళ్ల మందం పోత ఇనుము. చేతి సుత్తితో, వంగి, అరవై ఆరేళ్ల మనిషి కొడితే అది పగలదు. ఆయన ఇంకా కొడుతున్నాడు. ప్రతి దెబ్బ ఆమె ఎముకలోకి దిగుతోంది. ప్రతి దెబ్బకూ అది మోగుతూనే ఉంది.

"ఆగు, ఆగు. అక్కడ కాదు." ఆమె ఊపిరి కూడదీసుకుంది. "అది పొద్దున్న బురద పైనున్న భాగం. బురద గీత ఇంకా కింద ఉంది. చాకు తియ్. అంచు కిందుగా పొడుస్తూ పో. ఎక్కడ మెత్తగా దిగితే అక్కడ కొట్టు."

సరీఫ్ నీళ్లలో కూర్చున్నాడు. అంచు అప్పటికే మునిగింది. కంటికి కనపడదు. ఎడమచేతి వేళ్లతో తడుముతూ చాకు పొడుస్తూ పోయాడు. గట్టి. గట్టి. గట్టి.

"ఇక్కడ దిగింది!"

"ఎంత?"

"గోరంత."

"చాలదు. ఇంకా పక్కకి."

నీళ్లు ఆమె నడుం దాటాయి. ఒరిగిన ఇంజన్ పక్కన మెడ పైకెత్తి కూర్చుంది. పాయ అవతలి ఒడ్డున మడ కొమ్మ ఒకటి ఊగింది. గాలి లేదు. ఇద్దరూ అటు చూశారు. నీటి మీద ఒక సుడి మెల్లగా విచ్చుకుని మాయమైంది. చేపే కావచ్చు. ఇద్దరూ ఆ మాట అనలేదు. సరీఫ్ లేచి చుట్టూ తిరిగొచ్చి, పాయకు వీపు పెట్టి, ఆమెకూ ఆ సుడికీ మధ్య మోకరిల్లాడు.

"ఇటు ఎందుకొచ్చావు? అక్కడి నుంచే అందుతుందిగా?"

"నోరు మూసుకుని చెయ్యి కదపకుండా ఉండు."

ఇక్కడే ఆమె ప్రార్థన విన్నానంటుంది, ఆయన బూతులంటాడు. పెదాలు మాత్రం ఆగకుండా కదిలాయి. ఆయన చాకు మళ్లీ దించాడు. ఈసారి రేకు మొత్తం దిగి పిడి తగిలింది.

"ఒసేయ్, వెన్నముద్దలా ఉందే ఇక్కడ!"

"అక్కడే! అక్కడే కొట్టు!"

నీళ్లలో సుత్తి విసురుకు బలం రాదు. గడ్డపార మొన చాకు దిగిన చోట ఆనించి, దాని తల మీద, నీళ్ల పైనుంచి కొట్టాడు. మోత లేదు. తడి మట్టిలో కొట్టినట్టు దబ్బుమని చప్పుడు. మళ్లీ దబ్బు. నీళ్లలోకి నల్లటి మసి లేచింది. "మోగలేదు" అంది అసుంతా, ఏడుస్తూ. "బాబాయ్, మోగలేదు." నీళ్లు ఆమె భుజాలకొచ్చాయి, మెడకొచ్చాయి. తల పూర్తిగా వెనక్కి వాల్చి, ముక్కు పైకి పెట్టి, ఆకాశం చూస్తూ ఆ దబ్బు దబ్బులే వింది. ఒక అల నోట్లోకి వచ్చింది. ఉమ్మింది. ఇంకొకటి వచ్చింది.

గడ్డపార ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయింది. అంచులో అరచేతంత ముక్క విరిగి పడింది. సరీఫ్ ఆమె భుజం కింద చేతులు వేసి వెనక్కి లాగాడు. ముంజేతి మీద చర్మం చాలావరకు అక్కడే ఉండిపోయింది. చెయ్యి మాత్రం వచ్చింది.

వాళ్లు ఒడ్డుకెలా వచ్చారో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. కొంత ఈది, కొంత మడ వేళ్లు పట్టుకుని పాకారు. చెట్ల మధ్యలో కూడా నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. వెనక ఎక్కడో ఏదో నీళ్లలోకి దిగిన చప్పుడు బరువుగా వినిపించింది. "వెనక్కి చూడకు" అన్నాడు సరీఫ్. చూడలేదు. ఎర్రమట్టి తగిలాక కూడా ఆగలేదు. బండిలో కూర్చుని తలుపులు వేసుకున్నాకే ఆమెకు నొప్పి తెలిసింది. సరీఫ్ తాళంచెవి కంతలో పెట్టలేకపోయాడు. రెండుసార్లు పక్కకే పోయింది. ఆమె కుడిచేత్తో ఆయన చెయ్యి పట్టుకుని పెట్టించింది.

ముంజేతి ఎముక చిట్లింది. చిటికెనవేలు, పక్క వేలు చాలాకాలం తిమ్మిరిగానే ఉండేవి. ఆసుపత్రికి డెస్మండ్ వచ్చి తలగడ పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. ఇంజన్ సంగతి అడగలేదు. అడగకూడదని అతనికి తెలుసు. అసుంతాయే చెప్పింది.

"పై సగం బాగుంది డెస్. సిలిండర్లు కూడా పనికొస్తాయి. కింద సగం బొగ్గు. పైకి లాగితే తాడు బిగిసినప్పుడే రెండు ముక్కలవుతుంది. వదిలెయ్యండి."

"సరీఫ్ బాబాయ్ ఒప్పుకుంటాడా?"

సరీఫ్ అక్కడే మూలన కుర్చీలో ఉన్నాడు. రెండు రోజులుగా ఇంటికి పోలేదు. "దాన్ని చూసిందెవరు, నువ్వా అసుంతానా?" అన్నాడు. "అది వద్దంటే వద్దు. పోయి ఏ గొర్రెల ఫారంలోనో నీళ్లు తోడే ఇంజన్ ఉందేమో వెతుక్కో. ఎండలో ఉన్నదైతే నయం."

అలాగే వెతికారు. దక్షిణాన ఒక ఫారంలో ఒకటి దొరికింది. చెయ్యి బాగయ్యాక అసుంతాయే దాన్ని విప్పి చూసింది. లోపలికి చెయ్యి పెట్టాల్సి వచ్చినప్పుడు షెడ్డులో అందరినీ ఆపి, చెక్క దిమ్మలు కింద దట్టించి, తర్వాతే పెట్టింది. పెట్టినప్పుడు ముఖం పాలిపోయిందని, చెమటలు కారాయని చూసినవాళ్లు చెప్పారు. ఎవరూ హాస్యమాడలేదు. మా ఊళ్లో అది చాలా అరుదు.

మరుసటి ఎండాకాలం ఆమె ఒక పట్టపగలు ఎవరికీ చెప్పకుండా మడ అడవి దాకా బండి తోలుకుని వెళ్లింది. నాకెందుకు చెప్పిందో తెలియదు, ఆ సాయంత్రమే వచ్చి చెప్పింది. ఆటు వేళే చూసుకుని వెళ్లింది. బండి తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టింది. చెట్ల సందుల్లోంచి బురద మెరుస్తోంది. దూరంగా ఎక్కడో కొంగ అరిచింది. అంతే. కాలు లోపలికి లాక్కుని, తలుపు వేసుకుని, అద్దాలు కూడా ఎత్తుకుని, ఆ ఎండలో చాలాసేపు అలాగే కూర్చుని, తిరిగి ఇంటికి వచ్చేసింది.